కోరంగి రేవు, మడ అడవి: ఒక చారిత్రక పరిశీలనము

కోరంగి రేవును గూర్చి వ్రాసినవారు పెక్కురు 1839వ సంవత్సరపు తుపానుతో కథను ముగింతురు. ఉప్పెన వచ్చెను, ఓడలు మునిగెను, పట్టణము నశించెను అని మూడు మాటలలో ఆ రేవు అంత్యము చెప్పబడుచున్నది. ఈ కథనము అసత్యము కాదు గాని అసంపూర్ణము. ఆ యసంపూర్ణత వలన ముఖ్యమైన విషయమొకటి మరుగుపడినది. కాకినాడ తీరమున పరిశ్రమలు పెంపొందవలెనా, మడ అడవి నిలువవలెనా అను వివాదము నేడు తరచుగా వినవచ్చుచున్నది. పరిశ్రమ మనుష్యుల పక్షమనియు, అడవి పశుపక్ష్యాదుల పక్షమనియు వాది ప్రతివాదు లిరువురును అంగీకరించియే వాదము సాగింతురు. కోరంగి చరిత్రను తుదివరకు పరిశీలించినచో ఈ విభజనమే నిలువదని నా యభిప్రాయము. దానిని నిరూపించుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

ముందుగా ప్రదేశస్వరూపమును తెలిసికొనవలెను. గోదావరి ధవళేశ్వరమునకు దిగువను గౌతమి, వసిష్ఠ యను పాయలుగా చీలుచున్నది. గౌతమి నుండి విడివడిన కోరంగి పాయ ఉత్తరాభిముఖమై కాకినాడ అఖాతమున గలియుచున్నది. ఈ పాయల నడుమ ఆటుపోటులు తడుపు బురదనేలలో మడ, తిల్ల మున్నగు చెట్లు దట్టముగా పెరుగుచున్నవి. బావురుపిల్లికిని నీటికుక్కకును ఇది నివాసము. ఇందు సుమారు 235 చదరపు కిలోమీటర్ల ప్రదేశము 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడినది. అడవికి తూర్పున, సముద్రమునకు అడ్డుకట్టవలె, హోప్ ద్వీపమను ఇసుకదిబ్బ సుమారు 16 కిలోమీటర్ల పొడవున సాగియున్నది. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు అచ్చట గ్రుడ్లు పెట్టును. ఈ దిబ్బ అనాదిగా నున్నది కాదు. గోదావరి తెచ్చిన మేటతో గడచిన రెండు శతాబ్దములలో రూపొందినది. ఈ విషయము ముందు మనకు మిక్కిలి అవసరమగును.

18వ శతాబ్దమున ఈ తీరము వర్తకుల కూడలి. ఇంజరమున ఆంగ్లేయులును, యానామున ఫ్రెంచివారును, జగన్నాథపురమున డచ్చివారును స్థావరము లేర్పరచుకొనిరి. కోరంగి, తాళ్ళరేవు గ్రామములు ఓడల నిర్మాణమునకు పేరొందెను. కోరమాండల్ తీరమున సహజమైన నౌకాశ్రయములు అరుదు. అలల తాకిడి లేక ఓడలను నిలిపి బాగుచేసికొనుటకు నది ముఖమున నున్న కోరంగి అనుకూలముగా నుండెను. 1802 ప్రాంతమున అచ్చట ఓడల మరమ్మతునకు పెద్ద డాక్ నిర్మింపబడెను. తెలుగువారు బర్మాకు పోయి వచ్చు మార్గములలో ఈ రేవు ప్రసిద్ధమైనది. బర్మాలో తెలుగువారికి ‘కొరింగీ’లను పేరు దీని వలననే కలిగినది. 1930లో రంగూను రేవున తెలుగు కూలీలపై దాడులు జరుగునాటికి కూడ ఆ పేరు వాడుకలో నుండెను. అప్పటికి కోరంగి రేవు ప్రాభవ మంతరించి చాలకాలమైనది. రేవు పోయినను పేరు మిగిలినది.

ఇక రేవు ఏల నశించినదను ప్రశ్న. 1789 డిసెంబరులో వరుసగా వచ్చిన మూడు పెనుకెరటములు కోరంగిని ముంచెను. 1839 నవంబరు 25న మరియొక ఉప్పెన వచ్చెను. ఈ రెండవదానిలో 3 లక్షల జనులు మరణించిరనియు, 20,000 నావలు మునిగెననియు పలుచోట్ల వ్రాయబడియున్నది. పరిశోధకులు ఈ సంఖ్యలను యథాతథముగా గ్రహింపరాదు. 1789 ఉప్పెనలో మృతుల సంఖ్యగా చెప్పబడు 20,000యే 1839 నాటి నావల సంఖ్యగా మరల కానవచ్చుట గమనింపదగినది. ఒకరి వ్రాతనుండి మరియొకరి వ్రాతకు పోవుటలో రెండు ఉప్పెనల వృత్తాంతములు కలగలిసిన వేమోయను సందేహము కలుగుచున్నది. ఒక నదీముఖపు రేవునకును దాని పరిసరములకును 3 లక్షల మృతులనుట కూడ నమ్మదగినదిగా తోపదు. నష్టము ఘోరమైనదనుటలో మాత్రము సందేహము లేదు.

అయితే ఇందొక చిక్కు కలదు. 1789లో మునిగిన పట్టణము 13 సంవత్సరములలోనే డాక్ నిర్మించుకొనునంతగా తేరుకొనెను. 1839 తరువాత ఏల తేరుకొనలేదు? తుపాను ఒక్కటియే కారణమైనచో రెండు సందర్భములందును ఫలము ఒకటిగా నుండవలెను. భేదమునకు కారణము మేట. నది తెచ్చు ఒండ్రు పాయ ముఖమున నానాటికి పేరుకొని పెద్ద ఓడలు లోనికి రాకుండ చేసెను. తుపాను దెబ్బకొట్టెను, ఒండ్రు మరల లేవనీయలేదు. వర్తకము ఉత్తరమున నున్న కాకినాడకు తరలిపోయెను. 1861 నుండి 1865 వరకు అమెరికాలో జరిగిన అంతర్యుద్ధ కాలమున ప్రత్తి ఎగుమతి వలన కాకినాడ రేవు వృద్ధి పొందెను.

ఇచ్చట హోప్ ద్వీపమును మరల జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. కోరంగిని పూడ్చిన ఒండ్రే సముద్రములో దిబ్బగా సాగి కాకినాడ అఖాతమునకు అలల తాకిడి తగ్గించెను. 1997లో లోతునీటి రేవు పనిచేయ నారంభించినపుడును ఆ సహజమైన అడ్డుకట్ట లాభమే దానికి లభించినది. మడ అడవి వేరూనినదియు ఆ ఒండ్రు పైననే. కావున నేటి రేవును, అడవియు శత్రువులు కావు. ఒకే నది బిడ్డలు.

అభివృద్ధిపక్షమును తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. 1832-33 నాటి కరవు జ్ఞాపకములు చెదరకముందే ఆర్థర్ కాటన్ ధవళేశ్వరము ఆనకట్టను 1847లో ప్రారంభించి 1852లో పూర్తిచేసెను. నది స్వేచ్ఛ నెపముగా ఆనాడు ఎవరైన దానిని అడ్డగించియున్నచో వారిని చరిత్ర క్షమించియుండదు. 1992లో కాకినాడలో ఉత్పత్తి ప్రారంభమైన యూరియా కర్మాగారము రైతు పొలమునకే ఉపకరించినది. 2009లో గాడిమొగ యొద్ద సముద్రగర్భపు సహజవాయువును ఒడ్డునకు చేర్చు కేంద్రము పని నారంభించినది. ఇవి పనియు, ఇంధనమును సమకూర్చినవి. వీనిని దుష్కార్యములని వర్ణించుట చరిత్రకారునకు తగదు.

కాని లెక్క అంతటితో ముగియదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రకటించిన పరిశీలనము ప్రకారము, గోదావరి 1970-79 మధ్య ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రును తెచ్చెను. 1990-98 నాటికి అది 6 కోట్ల టన్నులకు లోబడెను. ఎగువ జలాశయములు ఒండ్రును పట్టి నిలుపుటయే కారణమని వారి నిర్ణయము. 1976-2001 మధ్య డెల్టా తీరమున సముద్రము పాలైన నేల, కొత్తగా మేటవేసిన నేలకంటె సుమారు 18 చదరపు కిలోమీటర్లు అధికము. కోరంగి ఒండ్రు హెచ్చి నశించినది. నేటి తీరమునకు ఒండ్రు తగ్గుటయే భయకారణము.

అడవి విలువయు అంకెలకు అందనిది కాదు. 1999లో ఒడిశాను తాకిన పెనుతుపానునందు, కేంద్రపడ జిల్లాలో మడ అడవి వెడల్పుగా నున్న గ్రామములలో మరణములు తక్కువగా నుండెనని 2009లో వెలువడిన పరిశోధన నిరూపించినది. అడవి ఉప్పెనను ఆపునని దీని అర్థము కాదు. దాని బలమును తగ్గించునని మాత్రమే. రొయ్య పిల్లలకు, చేపపిల్లలకు ఈ మడ వేళ్ళ నడుమనే ఆశ్రయము. వానిపై జీవించు బెస్తవాని పడవయు మనుష్యుల పక్షముననే లెక్కింపవలెను.

తూచు పద్ధతిని గూర్చి రెండు మాటలు. మొదటిది, స్థలము. కర్మాగారము మెరకనేలకు కొంత వ్యయముతో తరలగలదు. ఆటుపోటులు లేనిచోటికి మడ అడవి తరలజాలదు. కావున సందేహము కలిగిన చోట తరలగలిగినదియే తరలవలెను. రెండవది, ఎల్ల. 1978 నాటి ప్రకటన అడవిని గొడ్డలినుండి కాపాడగలదు గాని, వందలమైళ్ళ ఎగువను ఆగిపోవు ఒండ్రును తెచ్చి ఈయజాలదు. ఎగువ జలాశయమునకు అనుమతి నిచ్చునపుడు దిగువ తీరపు నష్టమును ఆ లెక్కలోనే చేర్చనిచో అభయారణ్యపు హద్దు కాగితముపై గీతయే యగును. అడవితోపాటు రేవును గూడ అది కాపాడజాలదు.

కోరంగి వర్తకులకు నది మనసు తెలియకపోయెను; తెలిసికొను సాధనములును వారికి లేకుండెను. మనకు కలవు. కోరంగి రేవు పత్రములను, యానాము ఫ్రెంచి దస్త్రములను, నాటి సముద్రపటములను కలిపి చదివి మేట ఏ సంవత్సరమున ఎంత పెరిగినదో నిర్ణయించు పని పరిశోధక విద్యార్థులకై మిగిలియున్నది. అది పూర్తియగునంతవరకు, కోరంగిని తుపాను చంపినదను మాటను మనము తరగతులలో అప్పగింపకుండుట మేలు.