నాలుగు సీసాలు, ఒక అధికరణం

వచ్చే శనివారం మా ఇంట ఆరుగురు మిత్రులు కూడుతున్నారు. రెడ్ వైన్లను పక్కపక్కన పెట్టి రుచి పోల్చడమే కార్యక్రమం. సీసాల ఎంపిక నా పాలబడింది. ఎన్నికల పొత్తుల గురించి రాసేవాడికి ఇదేం పని అని పాఠకులు నవ్వవచ్చు. అయితే దుకాణంలో ఆ అర ముందు నిలబడిన వారికి అక్కడ ద్రాక్ష కంటే ముందు ప్రభుత్వాలే కనిపిస్తాయి.

నాలుగు సీసాలు చాలుననుకున్నాను. నాలుగూ షిరాజ్ ద్రాక్షవే. ఒకటి నాసిక్‌ది, ఒకటి బెంగళూరు చెంత నంది కొండలది, ఒకటి ఆస్ట్రేలియాది, మరొకటి ఫ్రాన్సులోని రోన్ లోయది. ఆ లోయలో దీన్నే సిరా అంటారు. ద్రాక్ష జాతి ఒకటే అయినప్పుడు మిగిలిన తేడా నేలది, ఎండది, తయారుచేసిన చేతిది.

పేరు పారశీక నగరానిది కనుక ఈ తీగ అక్కడే పుట్టిందని చాలాకాలం నమ్మారు. 1990ల చివర జరిగిన డీఎన్ఏ పరీక్షలు దాని తల్లిదండ్రులు ఫ్రాన్సు ఆగ్నేయ ప్రాంతపు ద్రాక్షలేనని తేల్చాయి. 1979 విప్లవం తరువాత ఆ షిరాజ్ నగరంలో వైన్ తయారీయే నిషిద్ధం. ఒకప్పుడు అక్కడి ద్రాక్షాసవానికి మొఘల్ దర్బారులో గొప్ప పేరుండేది. జహంగీర్ పానపాత్ర చేతబట్టిన తన రూపాన్ని బంగారు నాణెం మీద ముద్రించుకున్నాడు. ఆయన సోదరులు మురాద్, దానియాల్ ఇద్దరినీ మద్యమే బలిగొన్నది. అంతకు ఎంతో ముందే కౌటిల్యుడు ద్రాక్షరసంతో చేసిన మధువును కాపిశాయనం, హారహూరకం అని దేశాన్ని బట్టి వర్గీకరించి, మద్యం వ్యవహారమంతా సురాధ్యక్షునికి అప్పగించాడు. ఖజానాకు పానశాల మీద కన్ను కొత్తగా పడింది కాదు.

గణతంత్రం మాత్రం ఆ కన్ను మూసుకుంటానని మాట ఇచ్చింది. మద్యనిషేధానికి రాజ్యం కృషి చేయాలని 47వ అధికరణం ఆదేశిస్తుంది. 1948 నవంబరు 24న రాజ్యాంగ సభలో దీన్ని గట్టిగా ఎదిరించిన వారిలో జైపాల్ సింగ్ ముండా ఒకరు. బియ్యపు సారా లేనిదే ఆదివాసుల క్రతువులు సాగవని, ఈ నిబంధన వారి మతహక్కులో జోక్యమని ఆయన వాదం. సభ వినలేదు. మరుసటి ఏడాది బొంబాయి రాష్ట్రం మద్యనిషేధ చట్టం తెచ్చింది.

ఆ చట్టానికి వారసురాలైన మహారాష్ట్రే 2001లో ద్రాక్ష ప్రక్రియ పరిశ్రమ విధానం ప్రకటించి వైన్ తయారీకి ఎక్సైజు రాయితీలిచ్చింది. అప్పటికే నారాయణగావ్‌లో చౌగులే కుటుంబం, నంది కొండల్లో గ్రోవర్ కుటుంబం ఫ్రెంచి నిపుణుల సాయంతో దారి వేశాయి; తినే ద్రాక్షకు ప్రసిద్ధమైన నాసిక్‌లో రాజీవ్ సామంత్ సులా సంస్థను నిలబెట్టాడు. 2022 జనవరిలో రాష్ట్ర మంత్రివర్గం సూపర్ మార్కెట్లలో వైన్ అమ్మకానికి అనుమతించినప్పుడు, వైన్ మద్యం కాదు, రైతు ఆదాయమన్న వాదన వినిపించింది. భాజపా వ్యతిరేకించింది, అన్నా హజారే నిరశన హెచ్చరిక చేశారు, నిర్ణయం అటకెక్కింది.

రైతు మాట అబద్ధం కాదు. కానీ గిరిజనుడి కుండలోనిది సారా, మన గాజుపాత్రలోనిది వ్యవసాయోత్పత్తి ఎలా అయ్యాయి? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల నుంచి లేచిన మహిళలు సారా దుకాణాలను మూయించారు. 1993 అక్టోబరులో సారా, 1995 జనవరిలో సమస్త మద్యం నిషిద్ధమయ్యాయి. 1997లో ఖజానా గెలిచింది. ఆ స్త్రీల ముందు మన రాయితీల తర్కాన్ని నేనైతే వినిపించలేను.

ఆస్ట్రేలియా సీసా వెనుక మరో ఒప్పందం ఉంది. 2022 డిసెంబరులో అమలులోకి వచ్చిన వాణిజ్య ఒడంబడిక, సీసా ధర అయిదు డాలర్లు దాటితే 150 శాతం సుంకాన్ని 100కు, పదిహేను దాటితే 75కు తగ్గించింది. రాష్ట్రాల పన్ను మాత్రం రాష్ట్రాలదే.

ఇక ఏర్పాట్లు. మన వేసవిలో గది ఉష్ణోగ్రత అనే యూరోపు సూత్రం చెల్లదు. రెడ్ వైన్‌కు 16 నుంచి 18 డిగ్రీలు తగును కనుక అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి. తలా యాభై మిల్లీలీటర్లు పోస్తే చాలు. మిరపకాయ బజ్జీలు వద్దు, కారం నోటిని మొద్దుబారుస్తుంది. పేర్లు చూసి మార్కులు వేయడం మన వృత్తిలోనూ ఉన్న జబ్బే కనుక సీసాలకు కాగితం చుట్టాలి. 1976 మే 24న పారిస్‌లో అలా పేరు దాచి పోస్తేనే, ఫ్రెంచి న్యాయనిర్ణేతలు తమ బోర్డో వైన్లను కాదని 1973 నాటి కాలిఫోర్నియా స్టాగ్స్ లీప్‌ను ప్రథమ స్థానంలో నిలిపారు. అక్కడున్న విలేకరి ఒక్కడే, టైమ్ పత్రిక జార్జి టేబర్. మిగిలిన పత్రికలకు అది వార్తగా తోచలేదు.

మా ఆరుగురిలో ఒకామె 1992లో నెల్లూరు నుంచి వార్తలు రాసింది. చుక్క ముట్టదు. సీసాలకు పాత పత్రికలు చుట్టి, అంకెలు వేసి, ఏది ఏదో చివరిదాకా చెప్పకుండా ఉండే బాధ్యత ఆమెదే.