గోదావరి డెల్టాలో బడి పన్ను

బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదికలో తన జిల్లాలోని 533 బడులను, వాటిలో చదివే 6,641 మంది పిల్లలను లెక్కగట్టి, ఆ బడులలో ఒక్కదానికీ సర్కారు సాయం అందడం లేదని రాశాడు. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించే ఆ వీధిబడులు చాలావరకు తల్లిదండ్రులు పంతులుకు ముట్టజెప్పే జీతం మీదే నడిచేవి. ఆ ఖర్చు భరించలేని సామాన్య కుటుంబాలు పిల్లలకు ఏ కొద్దిపాటి పనైనా చేసే శక్తి రాగానే వారిని పనిలో పెడుతున్నాయని కూడా ఆయన గుర్తించాడు. తరువాతి కాలంలో వచ్చిన ప్రతి ఏర్పాటునూ ఆ పిల్లలను బడికి తేగలిగిందా లేదా అన్న ప్రశ్నతోనే తూచవలసి ఉంటుంది.

1854 నాటి ఉడ్ తాఖీదు, అంటే కంపెనీ వ్యవహారాలను పర్యవేక్షించే చార్లెస్ ఉడ్ పేరుతో ప్రసిద్ధమైన విద్యావిధాన పత్రం, గ్రాంటు పద్ధతిని ప్రవేశపెట్టింది. స్థానికులు గానీ మిషనరీలు గానీ బడి నడుపుతూ, కొంతైనా ఫీజు వసూలు చేస్తూ, ప్రభుత్వ తనిఖీకి ఒప్పుకుంటే ఖర్చులో కొంత భాగాన్ని ఖజానా భరిస్తుందన్నది దాని సారాంశం.

సుమారు ఆ కాలంలోనే రాజమండ్రి జిల్లాలో సబ్‌కలెక్టరుగా ఉన్న జి.ఎన్. టేలర్ నర్సాపురం ప్రాంతంలో బడులు పెట్టించగా, వాటిని చూసిన చుట్టుపక్కల గ్రామాల రైతులు తమ ఊళ్లకూ బడి కావాలని, అందుకోసం భూమిశిస్తుపై మరికొంత చెల్లిస్తామని ముందుకు వచ్చారు. ఈ అదనపు వసూలుతో నడిచినవే రేటు స్కూళ్లు. ఊరే స్వయంగా పన్ను కోరుకోవడం విద్యాచరిత్రలో ఎంతో గౌరవించదగిన ఘట్టం. అయితే ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయి కాలువ నీరు పారుతున్న డెల్టాలోనే అది సాధ్యపడిందన్న సంగతిని విస్మరించరాదు. స్వచ్ఛంద వసూలుకు చట్టబలం కల్పించడానికి 1863లో మద్రాసు విద్యాచట్టం చేసినా, గోదావరి జిల్లాకు వెలుపల దాని ఉపయోగం స్వల్పమే. 1871 నాటి లోకల్ ఫండ్స్ చట్టంతో బడుల భారం స్థానిక బోర్డుల మీద పడింది.

1860 దశకం చివరి నుంచి విస్తరించిన ఫలితాల గ్రాంటు, అంటే ఇన్‌స్పెక్టరు పరీక్షలో చదవడం, రాయడం, లెక్కలలో ఉత్తీర్ణులైన పిల్లల సంఖ్యను బట్టి ఇచ్చే సొమ్ము, వేల వీధిబడులను సర్కారు లెక్కలోకి తెచ్చింది. కానీ పంతులు రాబడి పరీక్ష రోజు మీద ఆధారపడినందువల్ల, కోతల కాలంలో పొలానికి వెళ్లి చదువులో వెనుకబడిన పిల్లవాడి వల్ల ఆయనకు ఒక్క అణా అయినా వచ్చేది కాదు. క్యాంప్‌బెల్ చెప్పిన ఆ కుటుంబాల పిల్లలకు ఈ గ్రాంటు తలుపు తెరవలేదు. ముందుగా కొంత పెట్టుబడి పెట్టగల ఊరికి, ఏడాది పొడవునా పిల్లలను బడికి పంపగల ఇంటికి మాత్రమే అది అందింది.