హిమాలయాల మంచు, మృగశిర వాన

నారాయణఖేడ్ రైతు మృగశిర వానకు ఎదురుచూస్తాడు. ఆ వానకూ హిమాలయాల మంచుకూ సంబంధం ఉందని 1884లో బ్లాన్‌ఫర్డ్ ప్రతిపాదించాడు. మంచు ఎక్కువ కురిసిన ఏడాది వాన తగ్గుతుందని ఆయన అంచనా. 1886లో మొదలైన రుతుపవన సూచనలకు అదే ఆధారం. మంచు ఒక్కటే చాలదని తరువాత గిల్బర్ట్ వాకర్ గుర్తించాడు.

పర్వతారోహకుల అవసరం వేరు. శిఖరం మీద గాలి ఎప్పుడు తగ్గుతుందన్నదే వారికి ప్రాణసమస్య. చలికాలమంతా ఎవరెస్టును తాకే జెట్ ప్రవాహం మే నెలలో ఉత్తరానికి జరుగుతుంది. రుతుపవనాల మంచు మొదలయ్యేలోపు దొరికే ఆ కొద్ది రోజులే అదను. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, 13 ఏళ్ల వయసులో, 2014 మే 25న శిఖరం చేరింది ఆ అదనులోనే. మన దగ్గర అవి రోహిణి కార్తె రోజులు, రోళ్లు పగిలే ఎండ.