పికిల్‌బాల్ స్కోరు.. పాత షటిల్ లెక్కే!

* సర్వీస్ చేసే జట్టుకే పాయింటు
* డబుల్స్‌లో పలకాల్సినవి మూడు అంకెలు

అద్దంకి: షటిల్ కోర్టులు అద్దంకి ప్రాంత గ్రామాలకు కొత్త కావు. అదే కొలతల కోర్టులో ఆడే పికిల్‌బాల్ దేశంలో వేగంగా విస్తరిస్తోంది. 2025 ఏప్రిల్‌లో కేంద్ర క్రీడల మంత్రిత్వ శాఖ ఇండియన్ పికిల్‌బాల్ అసోసియేషన్‌ను జాతీయ క్రీడా సమాఖ్యగా గుర్తించింది. బంతిని కొట్టడం ఒక పూటలో వచ్చినా స్కోరు లెక్క మాత్రం కొత్తవారిని తికమక పెడుతుంది. అంపైరు లేని చోట లెక్క తప్పితే ఆట కాస్తా వాదులాటగా మారుతుంది. 2006కు ముందు షటిల్ ఆడినవారికి మాత్రం ఈ లెక్క పరిచయమైనదే.

నాటి పద్ధతి ఇదే

షటిల్‌లో ప్రస్తుతం ఎవరు ర్యాలీ గెలిస్తే వారికే పాయింటు. 21 పాయింట్ల ఈ విధానం 2006లో అమలులోకి వచ్చింది. అంతకు ముందు సర్వీస్ ఉన్నవారికే పాయింటు దక్కేది. అవతలి వారు ర్యాలీ గెలిస్తే వారికి సర్వీస్ మాత్రమే వచ్చేది. ఇంకొల్లు సమీపంలోని నాగండ్లలో జన్మించిన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించింది ఆ విధానంలోనే. షటిల్ వదిలేసిన ఆ లెక్కనే పికిల్‌బాల్ నేటికీ పాటిస్తోంది. కొన్ని లీగ్ పోటీల్లో ర్యాలీ విధానం ఉన్నా, సాధారణంగా ఆడేది పాత పద్ధతే.

కోర్టు సిద్ధం చేసుకోవడం

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో 1965లో ఈ ఆట షటిల్ కోర్టు మీదే పుట్టింది. అందువల్ల పొడవు 44 అడుగులు, వెడల్పు 20 అడుగులు యథాతథం. నెట్‌ను మాత్రం అంచుల్లో 36, మధ్యలో 34 అంగుళాలకు దించాలి. నెట్ నుంచి ఇరువైపులా 7 అడుగుల దూరంలో, అంటే షటిల్ ముందు గీతకు అరడుగు వెనుక, గీత గీయాలి. ఆ ఏడడుగుల స్థలాన్ని 'కిచెన్' అంటారు. అందులో నిలబడి నేల తాకని బంతిని కొట్టరాదు. సర్వీస్ కింది నుంచి చేయాలి. బంతి ఎదుటి జట్టు కోర్టులో ఐమూలగా, కిచెన్ గీత దాటి పడాలి. సర్వీస్ బంతిని అవతలి జట్టు, తిరిగి వచ్చిన బంతిని సర్వీస్ జట్టు నేల తాకిన తర్వాతే కొట్టాలి.

మూడు అంకెల భావం

డబుల్స్‌లో సర్వీస్‌కు ముందు మూడు అంకెలు బిగ్గరగా పలకాలి. మొదటిది తమ పాయింట్లు, రెండోది ఎదుటి జట్టు పాయింట్లు, మూడోది తాము ఒకటో సర్వరా, రెండో సర్వరా అన్నది. ఒక్కో జట్టులో ఇద్దరూ సర్వీస్ కోల్పోయాకే అవకాశం అవతలికి వెళుతుంది. ఆట ఆరంభించే జట్టుకు మాత్రం తొలిసారి ఒక్క సర్వరే. అందుకే ఆట 'సున్నా-సున్నా-రెండు' అంటూ మొదలవుతుంది. పాత షటిల్ డబుల్స్‌లోనూ ఈ నియమం ఉండేది.

ఉదాహరణకు ఉత్తరం జట్టు కుడివైపు నుంచి సర్వీస్ ఆరంభించి ర్యాలీ గెలిచిందనుకుందాం. స్కోరు 1-0-2. సర్వీస్ చేసే ఆటగాడు, జోడీ స్థానాలు మార్చుకుంటారు. అవతలి జట్టు కదలదు. తర్వాతి ర్యాలీ పోతే సర్వీస్ దక్షిణానికి వెళుతుంది. కుడివైపు ఉన్న ఆటగాడు '0-1-1' అని పలికి సర్వీస్ చేస్తాడు. గెలిస్తే 1-1-1. తర్వాత ఓడితే జోడీ తానున్న చోటు నుంచే '1-1-2' అంటూ సర్వీస్ అందుకుంటాడు. అతడూ ఓడితే మళ్లీ ఉత్తరం వంతు, స్కోరు 1-1-1.

ఒకటో సర్వర్ అనేది ఒకే వ్యక్తికి ఆటంతా ఉండే పేరు కాదు. సర్వీస్ జట్టుకు వచ్చిన ప్రతిసారీ కుడివైపు ఉన్నవారే ఒకటో సర్వర్. కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

లెక్క మరిస్తే..

జట్టు పాయింట్లు సరిసంఖ్య అయితే ఆ జట్టులో ఆట ఆరంభంలో కుడివైపు నిలిచిన ఆటగాడు కుడివైపే ఉండాలి. బేసి అయితే ఎడమవైపు ఉండాలి. ఆ ఆటగాడి చేతికి రుమాలు కడితే పలికిన స్కోరు సరైనదో కాదో చూడగానే తెలుస్తుంది. సింగిల్స్‌లో రెండు అంకెలు చాలు. సర్వర్ పాయింట్లు సరి అయితే కుడి నుంచి, బేసి అయితే ఎడమ నుంచి సర్వీస్ చేయాలి.

సాధారణంగా గేమ్ 11 పాయింట్లకు ముగుస్తుంది. అయితే రెండు పాయింట్ల ఆధిక్యం తప్పనిసరి. 10-10 వద్ద సమమైతే 12-10, 13-11 ఇలా సాగుతుంది. మూడు గేమ్‌ల పోటీలో చివరి గేమ్‌లో ఒక జట్టు 6కు చేరగానే కోర్టు మారాలి.

పరుగులు, ఎగురుళ్లు కష్టమై షటిల్‌కు దూరమైన నిన్నటి తరం ఈ ఆటలో ఆటగాళ్లుగానే కాక స్కోరు చెప్పేవారిగానూ ఉపయోగపడగలరు. పాత లెక్క తెలిసిన పెద్దలు కోర్టు పక్కన నిలిస్తే పిల్లలకు రెండు గేముల్లోనే మూడు అంకెలూ వంటబడతాయి.