డిజిటల్ పుటలో గ్రంథపాతం: సంపీడనం, ఖండీకరణ, పరిశీలన

ఆదివారం అబిడ్స్ కాలిబాటపై పాత పుస్తకం కొనే పరిశోధకుడు అట్టను చూసి తృప్తిపడడు. పుటసంఖ్యలు సరిచూస్తాడు, ఫారాలన్నీ ఉన్నవో లేవో పరీక్షిస్తాడు. డిజిటల్ ప్రతి విషయంలో మాత్రం ఫైలు తెరుచుకుంటే చాలుననుకుంటాడు. ఈ నమ్మకానికి ఆధారం ఎంత?

సుల్తాన్‌బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం (1901), నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో పనిచేసిన తెలుగు విశ్వవిద్యాలయం (1985) వంటి సంస్థల వల్ల ఈ ప్రాంతం తెలుగు పరిశోధకులకు నెలవైంది. ఈ శతాబ్ది తొలి దశకంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వారికి మరొక ద్వారం తెరిచింది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ దాని ముఖ్య కేంద్రాలలో ఒకటి. ఆ పథకంలో ప్రతి పుట ఒక టిఫ్ ఫైలు. అంగుళానికి 600 చుక్కల సాంద్రత. గ్రూప్ 4 సంపీడనం.

ఫ్యాక్స్ కోసం 1984లో ప్రమాణంగా రూపొందిన గ్రూప్ 4, ప్రతి చుక్కల వరుసను పై వరుసతో పోల్చి తేడాను మాత్రమే నమోదు చేస్తుంది. కనుక ఒకచోట దోషం కలిగితే కింది వరుసలకూ అది సంక్రమిస్తుంది. దీనికి విరుగుడు ఖండీకరణలోనే ఉంది. పుటను పట్టీలుగా విభజించినప్పుడు ఒక్కొక్క పట్టీని విడిగా సంపీడించాలని 1992 నాటి టిఫ్ 6.0 నిర్దేశించింది, సంపీడనకు ముందు పట్టీ పరిమాణం సుమారు 8 కిలోబైట్లుండాలని సూచించింది. ఆ లెక్కన 5 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తు గల పుట దాదాపు 230 పట్టీలవుతుంది. ఒక పట్టీ చెడితే మిల్లీమీటరుకు లోపే నష్టం. పుటంతా ఒకే పట్టీ అయితే, దెబ్బతిన్న చోటి నుంచి అడుగు వరకూ పాఠం పోవచ్చు.

హార్వర్డ్, జేస్టోర్ రూపొందించిన జోవ్ వంటి పరిశీలన పరికరం టిఫ్ సూచికను, పట్టీల స్థానాలను పరీక్షిస్తుంది. చిత్రాన్ని విప్పి చూడదు. అందువల్ల అది ఇచ్చే ‘సక్రమం’ అనే తీర్పు ఫైలు నిర్మాణానికే వర్తిస్తుంది, అక్షరాలకు కాదు. ప్రతి పట్టీని విప్పి, రావలసిన వరుసలన్నీ వచ్చాయో లేదో లెక్కించి, చెడిన పట్టీ సంఖ్యను తెలిపి, మిగిలినవాటిని చూపగలిగినప్పుడే పరిశీలన సార్థకం. వరుసల లెక్క కుదిరినా బొమ్మ తప్పు కావచ్చు. అందుకే స్కానింగ్ నాడే చెక్‌సమ్ నమోదు కావాలి.

లేనిపక్షంలో ఫైలులోని గండిని మూలప్రతిలోని గ్రంథపాతంగా పరిష్కర్త పొరబడే ప్రమాదముంది. పుట అడుగున పాఠం లోపించినట్లు కనిపిస్తే, పీఠికలో ఆ మాట రాయడానికి ముందు ముద్రిత ప్రతిని సంప్రదించడం పరిశోధకుని కనీస ధర్మం.