సత్యవేడు సీమ నుంచి విదేశీ బడులకు

పరాయి దేశంలో పాఠం చెప్పాలంటే ఉద్యోగ వీసా కావాలనే నియమం మరీ పాతదేమీ కాదు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. రంగూన్ ఓడెక్కిన తెలుగువాడు, కూలీ అయినా పంతులైనా, వీసా మాట ఎత్తాల్సిన పని ఉండేది కాదు.

సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో పుట్టిన తిరుత్తణికీ సత్యవేడుకూ ఒక ముడి ఉంది. మధ్యవర్తి పటాస్కర్ సిఫార్సుల మీద 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్, మద్రాసు రాష్ట్రాల సరిహద్దు సవరించినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసుకు పోయింది, సత్యవేడు ప్రాంతం చెంగల్పట్టు జిల్లా నుంచి చిత్తూరుకు వచ్చింది. 1936 నుంచి 1952 దాకా ఆక్స్‌ఫర్డ్‌లో స్పాల్డింగ్ ఆచార్యుడిగా ఉన్న రాధాకృష్ణన్, పదవి చేపట్టేనాటికి బ్రిటిష్ ప్రజ. ఇంగ్లండులో ఉద్యోగానికి ఆయనకు వీసాతో నిమిత్తం లేదు. అమెరికా సంగతి వేరు. అక్కడి 1917 చట్టం ఆసియాలో చాలా భాగాన్ని నిషిద్ధ మండలంగా ప్రకటించినా ఉపాధ్యాయులను మినహాయించింది. కూలీకి మూసిన తలుపు పంతులుకు తెరిచే ఉందన్నమాట.

ఇంగ్లండు తలుపు 1962లో సగం మూసుకుంది. కామన్వెల్త్ వలసదారుల చట్టం వోచర్ల పద్ధతి తెచ్చింది. ఉద్యోగం ముందే ఖాయమైనవారు ఒక తరగతి, ఉపాధ్యాయులు, వైద్యుల వంటి అర్హతలున్నవారు మరొక తరగతి. 1973 నుంచి వర్క్ పర్మిట్లు అమల్లోకి వచ్చాయి. అప్పటినుంచి పంతులు పట్టా కన్నా పిలిచే బడి ఇచ్చే ఉత్తరానికే విలువ ఎక్కువైంది.

అమెరికా 1965లో దేశాలవారీ కోటాలను ఎత్తేసింది. వెల్చేరు నారాయణరావు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో తెలుగు బోధించడానికి వెళ్లింది 1971లో. 1990 చట్టంతో వచ్చిన హెచ్‌-1బీ ఉద్యోగ వీసాకు ఏటా 65,000 పరిమితి పెట్టారు. 2000లో విశ్వవిద్యాలయాలకు ఆ లెక్క నుంచి మినహాయింపు దొరికింది గానీ బడి పంతుళ్లకు దొరకలేదు. విచిత్రమైన తేడా ఇది. అందుకే బడి పంతుళ్లలో చాలామందికి జె-1 వినిమయ వీసా దారే దిక్కయింది: రెండేళ్ల బోధనానుభవం ఉండాలి, గడువు మూడేళ్లు, పొడిగిస్తే ఐదేళ్లు.

2008లో హైదరాబాద్‌లో కాన్సులేట్ తెరిచేదాకా ఆంధ్రులకు అమెరికా వీసా కార్యాలయం చెన్నైదే. కోస్తా నుంచి వచ్చేవారికి అది రాత్రంతా రైలు ప్రయాణం. చెన్నైకి దగ్గరున్న సత్యవేడు వాసికి మాత్రం పొద్దున బస్సెక్కితే అయ్యే పని.

గల్ఫ్ బడుల కథంతా అటెస్టేషన్‌దే. బీఈడీ పట్టా మీద రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఆ దేశపు రాయబార కార్యాలయం వరుసగా ముద్రలు వేయాలి. 2005లో భారత్‌లో ఒకే ముద్రతో సరిపెట్టే అపోస్టిల్ ఒప్పందం అమలైనా, అందులో చేరని దేశాలకు ఈ వరుస తప్పలేదు. ఇంగ్లండు 2023 ఫిబ్రవరిలో భారత్‌తో సహా కొన్ని దేశాల పంతుళ్లకు తన ఉపాధ్యాయ అర్హత హోదాకు దరఖాస్తు చేసుకునే వీలిచ్చింది. అది కూడా 11–16 ఏళ్ల పిల్లలకు గణితం, సైన్సు, భాషలు చెప్పేవారికే.

ఈ మధ్య ప్రవాహం రెండో వైపు కూడా మొదలైంది. సత్యవేడు పక్కనే శ్రీసిటీలో 2013లో ట్రిపుల్ ఐటీ, 2018లో క్రియా విశ్వవిద్యాలయం వచ్చాయి. అక్కడ చేరే విదేశీ అధ్యాపకుడికి భారత ఉద్యోగ వీసా కావాలి. దానికి ప్రభుత్వం కనీస వార్షిక వేతనం నిర్ణయించింది. ఇంగ్లీషు కాక వేరే భాష నేర్పే పంతుళ్లకు ఆ షరతు వర్తించదు.