మెట్ట సీమలో కట్టడాలు, అనుమతులు

కృష్ణా జిల్లా అనగానే చదువరుల మనసులో కాలువలు, వరిచేలు మెదులుతాయి. నందిగామ, జగ్గయ్యపేటల వైపున్నది ఆ కృష్ణా జిల్లా కాదు. ఇది మెట్ట. మిరప, పత్తి పండే నల్లనేల. దాని అడుగున, కొన్నిచోట్ల దాని పైనే, సున్నపురాయి. 2022 ఏప్రిల్ 4 నుంచి ఈ ప్రాంతం ఎన్‌టీఆర్ జిల్లాలో ఉన్నది గాని, నా తరం వారి నోట ఇంకా కృష్ణా జిల్లాయే.

ఇక్కడ కట్టడం కట్టదలచినవాడు ఎవరిని అడగాలన్న ప్రశ్నకు కాలక్రమంలో వచ్చిన జవాబులను ఒకచోట చేర్చాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. చట్టాల జాబితా రాయడం నా ఉద్దేశం కాదు. ఆ ప్రశ్న ఎవరికి పుట్టింది, ఎవరికి పుట్టలేదు అన్నదే నాకు ఆసక్తి.

జగ్గయ్యపేటను ఆనుకొని ధనబోడు అనే గుట్ట ఉంది. దాని మీద బౌద్ధ స్తూపం. 1882లో జేమ్స్ బర్జెస్ దానిని తవ్వించి పరిశీలించాడు. అక్కడ దొరికిన పలకల్లో సుప్రసిద్ధమైనది మాంధాత చక్రవర్తిది. చెయ్యెత్తిన చక్రవర్తి మీద ఆకాశం నుంచి చతురస్రపు నాణేలు వానలా కురుస్తుంటాయి. అది మద్రాసు మ్యూజియానికి తరలిపోయింది. (ధనం కురిసే శిల్పం దొరికిన గుట్టకు ధనబోడు అన్న పేరు ఎలా వచ్చిందో గాని, ఆ పొందిక నాకు ముచ్చటగా ఉంటుంది.)

శిల్పం కంటె నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది ఆయక స్తంభాల మీది ప్రాకృత శాసనం. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ రాజ్య సంవత్సరం, వర్షర్తువులో ఎనిమిదవ పక్షం, పదవ దినం. అంటే క్రీస్తుశకం మూడవ శతాబ్ది. దాత పేరు సిద్ధార్థుడు. రాజూ కాదు, శ్రేష్ఠీ కాదు. ఆవేశని, అనగా పనివారికి పెద్ద అయిన శిల్పి. ఆవేశని నాగచంద్రుని కుమారుడు, కమ్మకరట్టంలోని నడతూరు వాడు. తల్లి నాగిలని, భార్య సముదని, కొడుకు మూలసిరి, కూతురు నాకబుధనిక, సోదరుడు బుధినాక, అతని భార్య కనిక, వారి కొడుకులు నాగసిరి, చందసిరి, కూతురు సిధథనిక. వీరందరితో కలిసి వేలగిరిలోని బుద్ధ భగవానుని మహాచైత్యపు తూర్పు ద్వారం వద్ద ఐదు ఆయక స్తంభాలను సర్వప్రాణుల హితసుఖాల కోసం నిలిపాడు. సోదరుని కూతురి పేరులో సిద్ధార్థుని పేరే వినిపిస్తుంది, గమనించారా!

ఇది దాన శాసనమే, అనుమతి పత్రం కాదు. అయినా నేటి దరఖాస్తును దాని పక్కన పెట్టి చూడండి. తేదీ ఉంది, ఏలిక ఎవరో ఉంది, కట్టేవాని పేరు, తండ్రి పేరు, ఊరు ఉన్నాయి, కట్టడం ఏమిటో, ఎన్నో, ఏ దిక్కునో ఉన్నది. మన దరఖాస్తులో లేనిది ఒక్కటే: ఇది ఎవరికి మేలు చేస్తుందన్న గడి.

అక్కడి నుంచి పదిహేను వందల ఏళ్ళు దాటి వద్దాం. పద్దెనిమిదవ శతాబ్దపు చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు బేతవోలు వద్ద పేటను నిర్మించి దానికి తన తండ్రి పేరు పెట్టాడు. అదే జగ్గయ్యపేట. తర్వాత తన నివాసాన్ని కృష్ణ ఒడ్డున అమరావతికి మార్చుకొని అక్కడా పట్టణం కట్టించాడు. ఆ పనికి రాళ్ళు కావలసి వచ్చాయి. దీపాలదిన్నె అని జనం పిలిచే దిబ్బలో చెక్కిన రాళ్ళు సిద్ధంగా దొరికాయి. 1797లో కాలిన్ మెకంజీ వచ్చేనాటికే తవ్వకం సాగుతోంది. 1816లో ఆయన మళ్ళీ వచ్చేసరికి మహాచైత్యంలో చాలా భాగం లేదు. నాయుడిని నిందించడం సులువు. కాని ఆయన అడగవలసినవాడు ఆనాడు ఎవరు? ఏలిక ఆయనే, కట్టించేవాడూ ఆయనే. చైత్యాన్ని కాచిన సంఘం కనుమరుగై శతాబ్దాలు గడిచాయి. అడగవలసినవారు లేనిచోట కట్టడం ఎంత వేగంగా సాగుతుందో, ఎంత పోతుందో అమరావతి చెబుతుంది.

రాళ్ళకు చట్టపు రక్షణ 1904లో, కర్జన్ కాలపు ప్రాచీన కట్టడాల చట్టంతో వచ్చింది. 1958లో కొత్త చట్టం, దానికి 2010లో సవరణ. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి ఉంటేనే.

ఇక రాతి కథ. స్తూపపు పలకలూ, సిమెంటు బస్తాలూ ఇక్కడ చుట్టాలే; రెండింటికీ మూలం పల్నాటి సున్నపురాయి. నది అవతల మాచర్లలో కేసీపీ వారి కర్మాగారం 1950లలో వచ్చింది. ఇవతల జగ్గయ్యపేట పక్కన జయంతీపురంలో రామ్‌కో వారిది 1980లలో, ముక్త్యాలలో కేసీపీ వారిదే మరొకటి 2011లో. నూరు కిలోల శుద్ధ సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం మిగిలి, 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ఆకాశంలో కలుస్తుంది. ఇది బట్టీలో వేసిన బొగ్గు లెక్క కాదు, రాతి లోపలి లెక్క.

జయంతీపురం కర్మాగారం వచ్చిన రోజుల్లో 1974 నాటి నీటి కాలుష్య చట్టం, 1981 నాటి వాయు కాలుష్య చట్టం కింద మండలి సమ్మతులు ఉండేవి. ఊరివారిని పిలిచి అడగాలన్న నియమం లేదు. పర్యావరణ ప్రభావ అంచనా 1994 జనవరి 27 నాటి ప్రకటనతో తప్పనిసరి అయింది. ప్రజాభిప్రాయ సేకరణ 1997 ఏప్రిల్‌లో చేరింది. 2006 సెప్టెంబరు 14 నాటి ప్రకటన ఆ పద్ధతిని వివరంగా రాసింది: 30 రోజుల ముందు నోటీసు, స్థానిక భాషలో నివేదిక సారాంశం, కలెక్టరు గాని అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని ప్రతినిధి గాని అధ్యక్షత, చివరకు సభలో నమోదైన మాటలను అక్కడే జనం భాషలో చదివి వినిపించడం. టెంటు కింద, మైకు ముందు, ఒక రైతు తన మిరప కల్లాల మీద పడే దుమ్ము గురించి తెలుగులో చెప్పిన మాట ఢిల్లీ వెళ్ళే కాగితంలో ఎక్కడం చిన్న సంగతి కాదు. అది ఎక్కిన తర్వాత ఏమవుతుందన్నది వేరే సంగతి.

అయితే ఇదే ప్రకటనలో ఒక చిత్రం ఉన్నది. 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉండే భవనాలకూ, లక్షన్నర చదరపు మీటర్లు లేదా 50 హెక్టార్లు దాటే పట్టణ నిర్మాణాలకూ పర్యావరణ అనుమతి కావాలి. ప్రజాభిప్రాయ సేకరణ మాత్రం అక్కరలేదు. సిమెంటు చేయడానికి ఊరిని అడగాలి, ఆ సిమెంటుతో ఊరినే కట్టడానికి అడగనక్కరలేదు! కొత్త రాజధాని అమరావతికి 2015 అక్టోబరు 9న అనుమతి వచ్చింది పట్టణ నిర్మాణపు పద్దు కిందనే. దానిపై వేసిన పిటిషన్లను జాతీయ హరిత ట్రైబ్యునలు విని, 2017 నవంబరు 17న షరతులు జోడిస్తూ అనుమతిని నిలిపింది. ముంపు, కొండవీటి వాగు ఆ వాదాల్లో ప్రధానం. నాయుడి అమరావతిని అడిగేవారు లేరు. ఈ అమరావతిని అడిగినవారు కోర్టుకు వెళ్ళి అడిగారు. రెండు శతాబ్దాల్లో జరిగిన మార్పు అంత.

సామాన్యుని ఇల్లు ఈ లెక్కలకు అందదు. అతనికి పంచాయతీ లేదా పురపాలక సంఘం, ప్లాను, దస్తావేజు, రుసుము. అసలు చరిత్ర ఇక్కడే నడుస్తుందని నా నమ్మకం. లేఅవుటులో పదో వంతు ఖాళీ వదలాలన్నది నియమం. వదలనివారు వదలలేదు. 2007 డిసెంబరు 31న ప్రభుత్వం రెండు ఉత్తర్వులు ఇచ్చింది. ఒకటి అక్రమ భవనాలను, మరొకటి అక్రమ లేఅవుట్లను రుసుము కట్టించుకొని క్రమబద్ధం చేయడానికి. ఇది చివరిసారి అన్నారు. 2015లో భవనాలకు మళ్ళీ వచ్చింది, 2019లో మళ్ళీ వచ్చింది. సిద్ధార్థుడు కట్టినదాన్ని చెక్కించాడు. మనవాళ్ళు కట్టిన తర్వాత కొలతలు రాయించారు. రేపు ఈ కాగితాలతో చరిత్ర రాయబోయేవాడికి ఆ ఖాళీ స్థలాలు ఎక్కడున్నాయో దొరకవు, వాటి వెల మాత్రం దొరుకుతుంది.

మా బావ నందిగామ దగ్గరి ఊరిలో ఇల్లు కట్టదలచినప్పుడు దస్తావేజులు వెనక్కి వెనక్కి తిరగేశాను. తాజా దస్తావేజు చెక్కుబందీలో ఉత్తరపు హద్దు ఒక ప్లాటు నెంబరు. దానికి ముందుదానిలో డొంక. మా తాతల నాటిదానిలో స్పష్టంగా ‘వాగు’ అని ఉన్నది. మూడు అమ్మకాల్లో ఒక వాగు మాయమైంది! ఎవరూ దానిని పూడ్చలేదు, కాగితంలో పేరు మారిందంతే. 2017 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం పది మీటర్ల కంటె వెడల్పైన వాగుకు తొమ్మిది మీటర్లు వదలాలి. అంతకంటె సన్ననిదైతే రెండు మీటర్లు. మా వాగు వెడల్పైనదే. ప్లాను గీసిన ఆయన ‘కాగితంలో వాగు లేదు గదా’ అన్నాడు. బావ రెండు రోజులు ఆలోచించి, పాత దస్తావేజు నకలు జతచేసి, ప్లాను మళ్ళీ గీయించాడు. వరండా పోయింది, ఒక గది చిన్నదైంది. ఇరుగుపొరుగు నవ్వారు.

2023 జూలై ఆఖరున మునేరు పొంగి ఐతవరం వద్ద 65వ నెంబరు జాతీయ రహదారిని ముంచెత్తింది. ఆ ఏడు మా వైపు నీళ్ళు రాలేదు. 2024 సెప్టెంబరు 1న జగ్గయ్యపేట జలమయమైంది, గరికపాడు వద్ద పాలేటి వంతెన దెబ్బతిన్నది. ఆ రాత్రి మా వాగు కూడా తన పాత హద్దు దాకా వచ్చింది. తొమ్మిది మీటర్లు చాలలేదు. బావ ఇంట్లో మోకాలి లోతు, పక్కవారి ఇళ్ళలో నడుము లోతు. నియమం వాగు ఒడ్డు నుంచి కొలుస్తుంది, వాగు తన వరద నుంచి కొలుచుకుంటుంది. నీళ్ళు తీశాక గోడ మీద మిగిలిన మట్టి గీతకు బావ సున్నం వేయించలేదు, తేదీ రాయించాడు.